ఫోర్ బై ఫోర్ ఉన్నా గొలుసులు కావాలా?

బండి సందేహాలు: బోయిన్‌పల్లి గ్యారేజీ నుంచి పాఠకులకు జవాబులు

చలికాలం వచ్చిందంటే చాలు, మంచు చూసొద్దామని హైదరాబాద్ నుంచి సొంత బండ్లలో బయల్దేరేవాళ్లు ఎక్కువయ్యారు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం దాని గురించే, ముఖ్యంగా మంచులో జారకుండా టైర్లకు చుట్టే గొలుసుల (స్నో చైన్ల) గురించే. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకు ఉంచి, వీటికే చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: నమస్తే సర్. నాకు థార్ డీజిల్ ఫోర్ బై ఫోర్ ఉంది. డిసెంబర్ చివర్లో నేను, మా ఆవిడ, పిల్లలిద్దరూ మనాలీ వెళ్లి, అక్కడి నుంచి అటల్ టన్నెల్ దాటి సిస్సు దాకా పోదామనుకుంటున్నాం. బండి నేనే నడుపుతాను. ఫోర్ బై ఫోర్‌కి స్నో చైన్లు దండగ అని మా బావమరిది అంటాడు. ఆన్‌లైన్‌లో చూస్తే 9 మిల్లీమీటర్లు, 12, 16 అని ఏవేవో ఉన్నాయి. రెండు చక్రాలకు కొంటే చాలదా? ఇంకో మాట. కంపెనీ టైర్లు 255/65 ఆర్18 తీసేసి, 265/70 ఆర్18 ఆల్ టెర్రైన్ టైర్లు వేయించాను. ఏవి కొనాలో చెప్పగలరు.
– ఒక పాఠకుడు, కొంపల్లి

జవాబు: మీ బావమరిది మాటతోనే మొదలుపెడతాను. ఎందుకంటే ఆ మాట నేను గ్యారేజీలో ఎప్పుడూ వింటూనే ఉంటాను, విన్నప్పుడల్లా నాకు భయం వేస్తుంది. ఫోర్ బై ఫోర్ అంటే ఇంజన్ బలం నాలుగు చక్రాలకూ వెళ్తుందని, అంతే. మంచులో బండి కదలడానికి, ఎత్తు ఎక్కడానికి అది బాగా పనికొస్తుంది. ఆపడానికి మాత్రం దానివల్ల ఒరిగేదేమీ లేదు. బ్రేకులు మామూలు కారుకీ నాలుగు చక్రాలకే ఉంటాయి, మీ థార్‌కీ నాలుగు చక్రాలకే ఉంటాయి. పైగా మీ బండి మనుషులతో, సామాన్లతో కలిపి రెండు టన్నులకు దగ్గరగా ఉంటుంది. అంత బరువు వాలులో జారడం మొదలెడితే దాన్ని పట్టి ఉంచాల్సింది ఇంజన్ కాదు, నేలను తాకే ఆ కాస్త రబ్బరు. ఫోర్ బై ఫోర్ ధైర్యంతో గొలుసుల్లేకుండా సులువుగా పైకెక్కేసి, దిగేటప్పుడు ఇరుక్కుపోయినవాళ్లే ఎక్కువ. కాబట్టి గొలుసులు దిగడం కోసమని కొనండి. ఎక్కడానికి ఎలాగూ పనికొస్తాయి.

ఈ మాట ఒప్పుకుంటే రెండు చక్రాలా, నాలుగా అన్న ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. వెనక చక్రాలకే వేస్తే వెనక భాగం పట్టు మీద ఉంటుంది గానీ, స్టీరింగ్ తిప్పినా ముందు చక్రాలు వినకుండా నేరుగా పోతాయి. ముందు వాటికే వేస్తే దిగుడులో బ్రేకు నొక్కగానే ముందు భాగం ఆగుతుంది, వెనక భాగం పక్కకు తిరిగి వచ్చేస్తుంది. ఈ రెండోది మరీ ప్రమాదం. ఘాట్ రోడ్డులో బండి అడ్డం తిరిగిందంటే ఇక మీ చేతిలో ఏమీ ఉండదు. పిల్లలతో వెళ్తున్నారు కాబట్టి రెండు జతలు కొనండి. నాలుగు చక్రాలకూ ఒకే రకం, ఒకే సైజు వేయండి. ఎక్కడైనా రెండే వేయాల్సి వస్తే ఏ చక్రాలకన్నది ఓనర్స్ మాన్యువల్ చెప్పినట్టు చేయండి. ఫ్రేమ్ (విడి ఉక్కు చట్రం) మీద కట్టిన ఫోర్ బై ఫోర్లకు చాలావాటిలో వెనక అని ఉంటుంది. కారు తరహా ఆల్ వీల్ డ్రైవ్‌లలో ముందు అని రాసినవి ఉంటాయి. అందరికీ ఒకటే రూలు కాదు.

ఇక సైజు. మీ విషయంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. గొలుసును బండి పేరు చూసి కొనకూడదు. అమ్మే చోట 'థార్‌కి సరిపోతుంది' అని రాసి ఉన్నా లెక్కలోకి తీసుకోవద్దు. టైరు పక్కన అచ్చు వేసి ఉన్న అంకెలు చూసి కొనాలి. కంపెనీ 255/65 ఆర్18 టైరు ఎత్తు సుమారు 789 మిల్లీమీటర్లు. మీరు వేయించిన 265/70 ఆర్18 ఎత్తు సుమారు 828. చుట్టుకొలతలో తేడా 12 సెంటీమీటర్ల పైనే. అంటే థార్ పేరు చెప్పి తెచ్చుకున్న గొలుసు మీ టైరు చుట్టూ తిరిగి వచ్చి కొక్కెం దగ్గర ఆగిపోతుంది, కలవదు. ఆ సంగతి మనాలీ దాటాక సోలాంగ్ దగ్గర చలిలో మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు తెలియకూడదు కదా. గొలుసు పెట్టె మీద అది సరిపోయే టైరు సైజుల పట్టిక ఉంటుంది. అందులో మీ సైజు అక్షరం అక్షరం కనిపిస్తేనే కొనండి. దగ్గరగా ఉంది కదా అని సర్దుకోవద్దు.

సైజు కుదిరితే సరిపోదు, గొలుసు తిరగడానికి జాగా కావాలి. పెద్ద టైరు వల్ల మీకు పైన రెండు సెంటీమీటర్ల దాకా, లోపలి పక్కన కొన్ని మిల్లీమీటర్లు తగ్గిపోయాయి. ఒకసారి బండిని చదునైన చోట ఆపి, ముందు చక్రం వెనక్కి చేయి పెట్టి చూడండి. సస్పెన్షన్ ఆర్మ్, షాకబ్జార్, బ్రేకు పైపు, ఏబీఎస్ (బ్రేకు నొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) సెన్సార్ వైరు – ఇవన్నీ చేతికి తగులుతాయి. స్టీరింగ్ పూర్తిగా ఎడమకు తిప్పి ఒకసారి, పూర్తిగా కుడికి తిప్పి ఒకసారి చూడండి. థార్‌కి ముందు చక్రాలు దేనికది విడిగా ఆడే డబుల్ విష్‌బోన్ పద్ధతి, వెనక గట్టి ఆక్సిల్. అందుకని వెనక జాగా పెద్దగా మారదు, ముందు మాత్రం స్టీరింగ్ తిప్పే కొద్దీ మారుతుంది. మా దగ్గరికి వచ్చిన ఒక ఎస్‌యూవీలో గొలుసు రాసుకుని ఏబీఎస్ వైరు తెగింది, లోపలి ప్లాస్టిక్ లైనింగ్ చీలికలైంది. ఆ యజమాని టైరు సైజు సరిగ్గానే చూసుకున్నాడు గానీ చక్రం వెనక ఎంత జాగా ఉందో చూసుకోలేదు.

కొన్ని బండ్ల మాన్యువల్‌లో 'క్లాస్ ఎస్' గొలుసులే వాడాలని ఉంటుంది. టైరు లోపలి పక్కన 15 మిల్లీమీటర్లు, ట్రెడ్ (టైరు నేలను తాకే భాగం) పైన 37 మిల్లీమీటర్లు ఖాళీ ఉంటే ఇవి సరిపోతాయి. 'క్లాస్ యు' అయితే 23, 50 కావాలి. ఇది అమెరికా కొలత. యూరప్ సరుకు మీద ఆస్ట్రియా ప్రమాణాలైన ఓనార్మ్ వీ5117, వీ5119, కొత్తవాటి మీద యూరప్ ప్రమాణం ఈఎన్ 16662-1 అని కనిపిస్తుంది. వీ5117 కార్లకు, వీ5119 ఎస్‌యూవీలు, వ్యాన్ల వంటి బరువైన బండ్లకు. మీరు చూడాల్సింది రెండోది. ఇక ఆ 9, 12, 16 మిల్లీమీటర్లు ఏమిటంటే, గొలుసు టైరు మీద ఎంత ఎత్తు లేస్తుందో ఆ కొలత. బరువైన ఫోర్ బై ఫోర్‌కి మామూలుగా 16 వాడతారు. ఎక్కువ ఎత్తుంటే మంచులోకి బాగా దిగుతుంది, ఎక్కువ కాలం మన్నుతుంది. అంతే జాగా కూడా అడుగుతుంది.

అందుకే నా సలహా సూటిగా చెబుతున్నాను. కంపెనీ టైర్లు అమ్మేయకుండా ఇంట్లో ఉంచి ఉంటే, ఈ ప్రయాణం వరకు మళ్లీ అవే వేయించండి. ట్రెడ్ బాగా ఉందో లేదో చూసుకోండి. 255/65 ఆర్18కి సరిపోయే 16 మిల్లీమీటర్ల గొలుసులు తెప్పించి, స్టీరింగ్ రెండు వైపులా తిప్పి చూడండి. పెద్ద టైర్లతోనే వెళ్తానంటే మాత్రం ముందు చక్రాల దగ్గర జాగా కొలవకుండా ఒక్క రూపాయి ఖర్చు పెట్టవద్దు. ఆల్ టెర్రైన్ కదా, మంచులో బాగుంటాయేమో అనుకుంటారు. టైరు మీద ఎం+ఎస్ అని ఒక్కటే ఉంటే అది బురదకీ మంచుకీ వీలైన డిజైన్ అన్న మాట వరకే. మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు గుర్తు ఉంటేనే మంచులో పరీక్షించిన టైరు. ఆ గుర్తున్నా దిగుడులో గడ్డకట్టిన మంచు మీద గొలుసు పనిని అది చేయలేదు.

అల్లికలో రెండు రకాలు ఎక్కువగా దొరుకుతాయి. నిచ్చెన రకంలో గొలుసులు టైరుకు అడ్డంగా వరసగా ఉంటాయి. ధర తక్కువ, ముందుకు లాగడంలో బాగుంటాయి. కానీ రెండు అడ్డ గొలుసుల మధ్య టైరు నేల మీద ఆనినప్పుడు పక్కకు జారకుండా ఆపేది ఏమీ ఉండదు. డైమండ్ (వజ్రం ఆకారపు గళ్ల) అల్లికలో ఎప్పుడూ ఏదో ఒక ముక్క నేలను పట్టుకునే ఉంటుంది. హెయిర్‌పిన్ మలుపులు, లోయ వైపు వాలు ఉండే రోడ్డుకి డైమండే తీసుకోండి. తనంతట తాను బిగుసుకునే రకాలు కూడా ఉన్నాయి. డబ్బు పెట్టగలిగితే మంచిదే, మలుపు మలుపుకీ దిగి బిగించే బాధ తప్పుతుంది. ఆస్ట్రియా పెవాగ్, ఇటలీ కోనిగ్, జర్మనీ రుడ్ ఈ పనిలో ఎప్పటి నుంచో ఉన్న పేర్లు. కంపెనీ పేరు కన్నా పెట్టె మీది సైజు పట్టిక, ప్రమాణం గుర్తు ముఖ్యం.

గొలుసులు ఇంటికి రాగానే మీ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో వేసి తీయడం నేర్చుకోండి. మొదట పగలు, తర్వాత చేతికి గ్లవ్స్ తొడుక్కుని, తర్వాత రాత్రి టార్చి వెలుగులో. మీ ఆవిడకూ నేర్పండి, ఒకరు వేస్తుంటే ఇంకొకరు వెనక వచ్చే బండ్లను చూసుకోవచ్చు. వేసిన చోట బండిని కొద్దిగా ముందుకు వెనక్కి కదిపి మళ్లీ బిగించాలి, అంతకు మించి నడపవద్దు. తారు రోడ్డు మీద గొలుసుతో పరుగు తీయడమంటే కేజ్ వీల్స్‌తో ట్రాక్టరు రోడ్డెక్కడమే. రోడ్డూ పాడవుతుంది, గొలుసూ పాడవుతుంది. అక్కడ మంచులో కూడా పెట్టె మీద రాసిన వేగం దాటకూడదు. మామూలుగా 50 కిలోమీటర్లు అని ఉంటుంది. మీరు 30 దగ్గర ఉండండి. గొలుసులు ఎత్తు మొదలవక ముందే, చదునైన చోట, రోడ్డు పక్కకు ఆపి వేసుకోవాలి. ఇరుక్కున్నాక వేద్దామంటే చక్రం కిందికి చేయి కూడా పోదు.

గేరు విషయం కూడా చెప్పాలి. మంచు మొదలవగానే 4హెచ్‌లో (నాలుగు చక్రాలకూ బలం, మామూలు వేగం) పెట్టండి. నిటారు దిగుడులో 4ఎల్ (నాలుగు చక్రాలకూ బలం, నెమ్మది వేగం), మొదటి గేరు వేసి, ఇంజన్ పట్టు మీదే దిగండి. బ్రేకు మీద కాలు తేలిగ్గా ఆనించాలి తప్ప తొక్కకూడదు. మంచు అయిపోయి పొడి రోడ్డు రాగానే గొలుసులు తీసి, 2హెచ్‌కి (వెనక రెండు చక్రాలకే బలం) మార్చండి. థార్‌లో ముందు ఆక్సిల్‌కీ వెనక ఆక్సిల్‌కీ మధ్య తేడా సర్దే డిఫరెన్షియల్ లేదు. పొడి రోడ్డులో 4హెచ్‌లో మలుపులు తిరిగితే లోపల గేర్ల మీద ఒత్తిడి పెరిగిపోతుంది.

అటల్ టన్నెల్ దగ్గర ఒక ఇబ్బంది ఉంది. 2020 అక్టోబర్‌లో తెరిచిన ఆ సొరంగం పొడవు 9.02 కిలోమీటర్లు. బయట రెండు వైపులా మంచు ఉన్నా లోపల పొడి రోడ్డే. గొలుసులతో లోపలికి పోతే తొమ్మిది కిలోమీటర్లు మెల్లగా, అరుగుతూ పోవాలి. మధ్యలో ఆపి తీసే వీలు లేదు. లోపలికి వెళ్లక ముందే, ఆపడానికి అనుమతి ఉన్న చోట తీసి, అవతల మళ్లీ వేసుకునే ఓపిక ఉంటేనే వెళ్లండి. మంచు బాగా పడిన రోజున పోలీసులు సోలాంగ్, నెహ్రూ కుండ్ దగ్గర బండ్లు ఆపేస్తారు. కొన్నిసార్లు ఫోర్ బై ఫోర్లనూ గొలుసులు ఉన్నవాటినీ పోనిస్తారు, కొన్నిసార్లు ఎవరినీ పోనివ్వరు. హైదరాబాద్ నుంచి రెండు వేల కిలోమీటర్ల పైన నడుపుకుంటూ వచ్చాం కదా అని అక్కడ వాదన పెట్టుకోవద్దు. ఒక రోజు అదనంగా చేతిలో ఉండేలా సెలవు పెట్టుకోండి.

ప్రశ్న: రాణిగంజ్‌లో ఇనుప గొలుసు కిలోల లెక్కన దొరుకుతుంది. తెలిసిన వెల్డర్ ఉన్నాడు. కొలతలిస్తే చేసిస్తానంటున్నాడు. లేదంటే ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు వచ్చే ప్లాస్టిక్ పట్టీలు తీసుకుందామని మా అబ్బాయి అంటున్నాడు. ఏది మేలు?
– ఒక పాఠకుడు, వనస్థలిపురం

జవాబు: రెండూ వద్దండీ. రాణిగంజ్ అంటే నాకు చాలా గౌరవం, నా సామాన్లలో సగం అక్కడివే. కానీ అక్కడ దొరికే మామూలు గొలుసు బరువు లాగడానికి చేసింది. స్నో చైన్ లింకు రాళ్ల మీద, మంచు గడ్డల మీద లక్షలసార్లు కొట్టుకుంటుంది. అందుకే దానికి పైపొర గట్టిపరిచిన మిశ్రమ ఉక్కు వాడతారు. వెల్డింగ్ వేసిన చోట ఆ గట్టిదనం ఉండదు, తెగేది అక్కడే. తెగిన గొలుసు చివర చక్రంతో పాటు తిరుగుతూ బ్రేకు పైపును కొడితే, దిగుడులో మీకు బ్రేకులే ఉండవు.

చేత్తో కట్టుకునే పద్ధతితోనే ఇదంతా మొదలైంది, ఆ మాట నిజమే. అమెరికాలో తొలినాటి కార్లవాళ్లు బురదలో, మంచులో టైర్లకు తాళ్లు, తీగలు చుట్టుకునేవారట. అది చూసే న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన హ్యారీ వీడ్ 1904లో టైరు గొలుసుకు పేటెంట్ తీసుకున్నాడని చెబుతారు. ఆనాటి కార్ల వేగం వేరు, బరువు వేరు. ఇవాళ మీ బండికి ఆ లెక్క పనికిరాదు.

ప్లాస్టిక్ పట్టీల సంగతి. రిమ్ము సందుల్లోంచి దూర్చి ఒక్కొక్కటిగా బిగించే రకాల గురించే అడుగుతున్నారనుకుంటాను. బురదలో దిగబడ్డ బండిని నాలుగు అడుగులు బయటికి లాగడానికి సరే. గడ్డకట్టిన మంచు మీద పళ్లు దిగవు, చలికి పెళుసెక్కి తెగుతాయి. ఒక్కటి తెగితే మిగతావాటి మీద భారం పడుతుంది. వాటి మీద నమ్మకం పెట్టుకుని కుటుంబంతో ఘాట్ ఎక్కకండి. డబ్బే ఇబ్బంది అయితే మీ బండి కింద వదిలి, కొండల్లో గొలుసులు కట్టిన స్థానిక టాక్సీ మాట్లాడుకోండి. అందులో చిన్నతనమేమీ లేదు, వాళ్లకు ఆ రోడ్డు ప్రతి మలుపూ తెలుసు.

ప్రశ్న: అన్నయ్యగారూ, మేము శ్రీనగర్‌కి ఫ్లయిట్‌లో వెళ్లి, అక్కడి నుంచి టాక్సీలో గుల్మార్గ్ వెళ్తున్నాం. తంగ్‌మార్గ్ దగ్గర గొలుసుల బండికి మళ్లీ వేరే డబ్బులివ్వాలని డ్రైవర్ ఇప్పుడే చెబుతున్నాడు. మోసమా? చిన్న పాప ఉంది, నాకు చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, ఈసీఐఎల్

జవాబు: మోసం కాదమ్మా. తంగ్‌మార్గ్ నుంచి గుల్మార్గ్ దాకా సుమారు 13 కిలోమీటర్ల ఎక్కుడు. మంచు పడినప్పుడు గొలుసులు లేని బండ్లను ఆ రోడ్డు మీదికి పోనివ్వరు. ఆ రూలు ఉన్నందుకు సంతోషించండి. డబ్బు ఎంతో, రానూ పోనూ కలిపో కాదో ఇక్కడి నుంచే ఫోన్‌లో తేల్చుకోండి. ఎక్కే ముందు మీరే ఒకసారి దిగి చక్రాలు చూడండి. గొలుసు వదులుగా వేలాడుతుంటే బిగించమని అడగండి, మొహమాటపడొద్దు. ఎన్ని చక్రాలకు ఉన్నాయో చూడండి, నాలుగింటికీ ఉన్న బండి దొరికితే కొంచెం ఎక్కువైనా అదే ఎక్కండి. పాపను ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చోకండి. తిరుగు ప్రయాణం మధ్యాహ్నానికే మొదలుపెట్టండి. ఎండ తగ్గాక, పగలు కరిగిన నీళ్లు రోడ్డు మీద మళ్లీ గడ్డకడతాయి, అప్పుడు గొలుసులున్న బండీ జాగ్రత్తగా దిగాల్సిందే.

ప్రశ్న: గొలుసులు కొన్నాను. డీజిల్ స్కార్పియో-ఎన్ ఫోర్ బై ఫోర్. హైదరాబాద్‌లో బయల్దేరే ముందు ఇంకేం చేయించాలి?
– ఒక పాఠకుడు, నిజాంపేట

జవాబు: ముందు రేడియేటర్ చూపించండి. మన ఊళ్లో ఎండాకాలం కూలెంట్ తగ్గితే పైన మామూలు నీళ్లు పోసేయడం అలవాటు. ఇక్కడ దానివల్ల తుప్పు తప్ప వెంటనే ఏమీ కాదు. అక్కడ మైనస్‌లో ఆ నీళ్లు గడ్డకట్టి ఉబ్బితే ఇంజన్ బ్లాకుకే పగులు వస్తుంది. పాతది పూర్తిగా తీయించి, కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం పోయించండి. ఆ పాళ్లలో మైనస్ 35 దాకా గడ్డకట్టదు. అద్దం కడిగే ట్యాంకులో మామూలు నీళ్లు ఉంటే ఖాళీ చేసి, గడ్డకట్టని వాషర్ ద్రవం పోయండి. బ్యాటరీ పాతదైతే పరీక్ష చేయించండి, చలిలో దాని బలం బాగా పడిపోతుంది. డెఫ్ ద్రవం (డీజిల్ పొగలోని కాలుష్యం తగ్గించడానికి విడి ట్యాంకులో పోసేది) మైనస్ 11 దగ్గర గడ్డకడుతుంది. దాన్ని కరిగించే ఏర్పాటు బండిలో ఉంటుంది కాబట్టి కంగారు పడక్కర్లేదు, కానీ విడిగా డబ్బాలో తీసుకెళ్లేది రాత్రి గదిలో పెట్టుకోండి.

రాత్రి బండి ఆపేటప్పుడు హ్యాండ్ బ్రేక్ వేసి వదిలేయకండి, తడి పట్టి పట్టేసుకుంటుంది. చదునైన చోట గేరులో ఉంచి, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో ఉంచి, చక్రాల కింద రాళ్లు పెట్టండి. వైపర్లు పైకి ఎత్తి ఉంచండి.

డీజిల్‌లోని మైనం చలికి గడ్డకట్టి ఫిల్టర్‌ను మూసేస్తుంది. ఇందుకే ఇండియన్ ఆయిల్ 2019 నవంబర్‌లో లదాఖ్‌లో మైనస్ 33 దాకా పారే వింటర్ డీజిల్ తెచ్చింది. మీరు మైదానంలో నింపిన డీజిల్‌తో కొండెక్కి, సగం ట్యాంకుతో చలిలో రాత్రంతా ఆపకండి. చండీగఢ్ దాటాక ట్యాంకు బాగా తగ్గనిచ్చి, మనాలీలో నింపుకోండి. కొత్త డీజిల్ ఫిల్టర్ ఒకటి స్టెప్నీ సామాన్లతో పాటు పెట్టుకోండి.